ఎర్ర వైపు చివరి గీత

హనుమకొండ చౌరస్తా దగ్గర కమల ఫోటో స్టూడియో అంటే ఆ రోజుల్లో రిక్షావాడు మరోమాట అడగకుండా తీసుకుపోయేవాడు. దుకాణం వీరభద్రం సేటుది. ఫోటోలు తీసేది కూడా ఆయనే. అయితే పెళ్ళి సంబంధాల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది ఆయన కెమెరా కోసం కాదు, వెనక గదిలో కిటికీ పక్కన కూర్చునే మొగిలమ్మ చెయ్యి కోసం. అమ్మాయి బుగ్గ మీద అమ్మోరు పోసిన గుంటలు, అబ్బాయి కళ్ళ కింద నలుపు, తాత నుదుటి మీద ముడతలు అన్నీ ఆ కిటికీ దగ్గర మాయమైపోయేవి.

"ఏం జేసినవే మొగిలమ్మా, మా పిల్ల తన ఫోటో తనే చూసుకొని గిదెవలమ్మా అని అడుగుతాంది" అని పరకాల నుంచి వచ్చిన ఒక తల్లి నవ్విపోయింది.

పని చూడటానికి చిన్నదే. నెగటివ్‌లో అంతా తలకిందులు. ఫోటోలో నల్లగా పడే ముడత నెగటివ్‌లో ఖాళీగా, వెలుతురు దూరిపోయే సన్నని పగులులా ఉంటుంది. ముందు దాని మీద జిగురు మందు పల్చగా రుద్దాలి. తర్వాత పెన్సిల్‌ను గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, చీమ కాలంత చుక్కలు పెడుతూ ఆ పగులును పూడ్చుకుంటూ రావాలి. చుక్క బరువైతే ఫోటోలో తెల్ల మచ్చ లేస్తుంది. తేలికైతే ముడత ముడతలాగే ఉంటుంది. పూడ్చిన చోటు పక్క చోటుతో కలిసిపోవాలి. కలిసిందా లేదా అన్నది కంటికి తెలిసేలోపు చేతికి తెలియాలి. మాటలతో వచ్చే విద్య కాదు.

మొగిలమ్మను ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టింది మాత్రం రాజేశ్వర్ రావు.

ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పెద్ద సారు. మొగిలమ్మ మొగుడు యాకయ్య అదే ల్యాబులో మెకానిక్. త్రాసులు సరిచేయడం, కటకాలు తుడవడం, చెడిపోయిన మీటర్లను విప్పి బాగుచేయడం అతని పని. డెబ్బై నాలుగులో కాలేజీకి జర్మనీ నుంచి పెద్ద ప్రిజం ఒకటి వచ్చింది. దాన్ని చూడటానికి ఢిల్లీ నుంచి పెద్దమనుషులు వచ్చారు. రాజేశ్వర్ రావు ఒక చేత్తో టీ కప్పు పట్టుకొని, ఇంకో చేత్తో ప్రిజం ఎత్తి వెలుతురుకు అడ్డంగా తిప్పుతూ చెబుతున్నాడు. యాకయ్య నాలుగడుగుల దూరంలో మెత్తటి గుడ్డ పట్టుకొని నిలబడ్డాడు. ప్రిజం జారింది. గాజు ముక్కలు నేల మీద దొర్లడం ఆగకముందే రాజేశ్వర్ రావు నోరు లేచింది.

"ఏం చేసినవురా యాకయ్యా!"

అందరి కళ్ళూ యాకయ్య చేతిలోని గుడ్డ మీదికి మళ్ళాయి. అతిథుల ముందు సారు పరువెందుకు తీయడం, రేపు ఆయనే సర్దుతాడులే అనుకొని యాకయ్య నోరు మెదపలేదు. సారు సర్దలేదు. యాకయ్య నౌకరీ పోయింది. మొగిలమ్మ ఆయన ఇంటికి పోయి వాకిట్లో రెండు చేతులు జోడించి నిలబడింది. ఆయన పేపరు మడవకుండానే, "గాజు ఎవరి చేతిలో పగిలితే వాళ్ళదే బాధ్యత. నాకెందుకు చెప్తున్నవు?" అని లోపలికి పోయాడు.

యాకయ్య కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. అతనికి ఆ సంగతి మెల్లగా మరుపున పడింది. మొగిలమ్మకు పడలేదు. ఫోటోలు కడగడానికి స్టూడియోలో చేరి, కడుగుతూనే చూసి చూసి పెన్సిల్ పని పట్టింది. పని చేసుకునేటప్పుడు కూడా తను జోడించిన చేతులే కళ్ళ ముందు కనిపించేవి. తిట్టించుకున్నందుకు కాదు, జోడించినందుకు ఆమెకు మంట.

ఒకసారి రాజేశ్వర్ రావు ఇంట్లో పెళ్ళి ఫోటోలు స్టూడియోకు వచ్చాయి. గ్రూపు ఫోటోలో ముప్పై ముఖాలకు వయసు తగ్గింది, ఒక్క రాజేశ్వర్ రావుకు తప్ప. ఆయన ముడతలను మొగిలమ్మ ముట్టుకోలేదు. పక్కన నిలబడ్డ సొంత అన్నే ఆయనకు తమ్ముడిలా కనిపించాడు. వీరభద్రం ఫోటో చూసి, "ఏందమ్మా, సారు మీద గంత ప్రేమెందుకు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆమె పగకు అది ఏ మూలకూ చాలలేదు.

ఎనభై మూడు వానాకాలంలో రాజేశ్వర్ రావే స్టూడియోకు నడిచి వచ్చాడు. చేతిలో పత్తి పరిచిన చిన్న పెట్టె ఉంది. అందులో అరచేయంత గాజు ప్లేటు, ఆ ప్లేటు నడుమ అగ్గిపుల్లంత పొడవున నల్లని పట్టీ ఉన్నాయి.

"గిదేంది సార్, ఎవరి ఫోటో?" అన్నాడు వీరభద్రం.

"గెలాక్సీ వెలుగు ఇది. ప్రిజంలో విప్పి తీసిన్రు. విదేశంలో ఒక దోస్తు కాపీ పంపిండు, మళ్ళ వాపస్ ఇయ్యాలె. జర జాగ్రత్త."

ఆయనకు వినే మనిషి దొరికితే చాలు. కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది. మొగిలమ్మ పెన్సిల్ అరగదీస్తూ వింటోంది. ఆయన ఆమె వైపు చూశాడు గానీ గుర్తుపట్టలేదు. వాకిట్లో నిలబడ్డవాళ్ళ ముఖాలను ఆయన ఏనాడూ చూసి ఎరగడు.

"మామూలు గెలాక్సీ వెలుగును విప్పితే దాని సొంత గుర్తులుంటయి. అవి ఎరుపు దిక్కు ఎంత జరిగినయో చూసి దూరం చెప్తం. దీని నడిమిట్ల ఏదో మహా మంట మండుతాంది. ఆ మంటలో సొంత గుర్తులన్నీ మునిగిపోయినయి. ముఖమున్నది, కన్ను లేదు, ముక్కు లేదు. ఇగ దూరం ఎట్ల చెప్పాలె?"

"మీరే చెప్పాలె సార్."

"దారిలో దొరుకుతది జవాబు. గెలాక్సీల నడుమ ఖాళీ అనుకుంటం గదా, అక్కడ హైడ్రోజన్ గ్యాసు పల్చటి మబ్బుల్లెక్క ఉంటది. వెలుగు ఒక్కో మబ్బును దాటినప్పుడల్లా ఆ మబ్బు ఒక్కో సన్నని పోగు తినేస్తది. ఈ పట్టీలో ఉన్న గీతలు అవే. దగ్గరి మబ్బు గీత ఈ కొసకు పడుతది, దూరపు మబ్బుది ఎరుపు దిక్కు జరిగి పడుతది. ఎరుపు దిక్కు చివరి గీత ఏదో పట్టుకుంటే, గెలాక్సీ ఆ మబ్బుకు అవతలనే ఉన్నదని గట్టిగ చెప్పొచ్చు."

వీరభద్రం గడ్డం గోక్కున్నాడు. "అంటే బస్సుకు బోర్డు లేకున్నా, దాని మీది దుమ్ము చూసి గీ బస్సు నర్సంపేట అవతలి కెల్లి వచ్చిందని చెప్పినట్టు?"

"శబాష్! ఇంకా దూరం నుంచి రావొచ్చు, ఇవతల నుంచైతే రాదు. నా లెక్కంతా ఆ చివరి గీత మీదనే నిలబడతది. ఇంత చిన్నదాని మీద నా కండ్లకు ఆనుతలేదు, పెద్ద ప్రింట్లు ఎయ్యి. మా దగ్గర చదివే సరస్వతి అనే పిల్ల వచ్చి తీసుకుపోతది, ఆమెనే కొలుస్తది. ప్లేటు మీద గీరలు, వేలిముద్రలు ఉన్నయి. అవి నీటుగ తీపియ్యి. హైదరాబాదు మీటింగుల గోడకు పెట్టేది. ఈ పట్టీలో అడ్డగీతలను మాత్రం ముట్టొద్దు."

ఆయన పోయాక వీరభద్రం ప్లేటు తెచ్చి మొగిలమ్మ బల్ల మీద పెట్టాడు. "విన్నవు గదా. అడ్డగీతల జోలికి పోకు."

"విన్న సేటూ" అంది ఆమె.

బల్ల కింది అద్దం కిటికీ వెలుతురును పైకి కొట్టింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ అగ్గిపుల్ల ఒక పెద్ద పొలమైంది. ఒక కొసకు గీతలు కిక్కిరిసి నాటిన నారులా ఉన్నాయి. ప్లేటు అంచున ఎరుపు అని రాసి ఉన్న వైపుకు పోయేకొద్దీ పల్చబడి, తర్వాత గీతలేమీ లేని జాగా వచ్చింది. ఆ జాగా అవతల, వెంట్రుకంత తెల్లని గీత ఒక్కటే ఉంది. దాని తర్వాత పట్టీ నున్నగా సాగిపోయింది.

ఆమె ముందు గీరలు తీసింది, వేలిముద్రలు తుడిచింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. తర్వాత పెన్సిల్‌ను మళ్ళీ అరగదీసి, ఆ ఒంటరి గీత మీద మొదటి చుక్క పెట్టింది.

ఎన్ని ముఖాల మీద చేసిన పనో అది. ఒక ముసలమ్మ పెదవి పక్క ముడతకు పట్టేంత సేపే పట్టింది. పక్కలతో కలిపి, నలుపు నలుపులో ఇంకేలా చేసి, భూతద్దంతో వెతికితే తనకే దొరకలేదు. ఎక్కడో ఆకాశంలో ఉన్న ఒక మబ్బును చౌరస్తాలో కూర్చొని చెరిపేసింది. ఇక రాజేశ్వర్ రావు తన గెలాక్సీని ఇవతలికి లాగి, నలుగురిలో నిలబడి తప్పు చెబుతాడు. ఢిల్లీ వాళ్ళు కూడా ఉంటారేమో! ఆ పూట ఇంటికి పోతూ మొగిలమ్మ మల్లెపూలు కొనుక్కుంది.

వానలు వెనకబట్టాక సరస్వతి స్టూడియోకు వచ్చింది. ఇంతకుముందు ప్రింట్లు తీసుకుపోయింది ఆ అమ్మాయే. నర్సంపేట దగ్గర పల్లె, ఇంట్లో పత్తి సాగు. పరిశోధన దాకా చదివిన మొదటి ఆడపిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సేటూ, ఒక్కమాట మా ప్రిన్సిపాల్ దగ్గరికొచ్చి చెప్పుర్రి. ప్లేటు మీకు తెచ్చిచ్చింది మా సారే గదా?"

"ఏమైంది బిడ్డా?"

"హైదరాబాదుల మా సారు దూరం చెప్పంగనే ఒకాయన లేచి, అదే ప్లేటు ఇంకో కాపీ చూపిచ్చిండట. గా కాపీల ఎరుపు దిక్కు ఒక గీత ఉన్నది, మనదాంట్ల లేదు. అందరు నవ్విన్రట. ఇప్పుడు మా సారు, ఆ పిల్లనే నాకు చెప్పకుంట ప్లేటును బజార్ల ఫోటోలోల్లకిచ్చి ఖరాబు చేపిచ్చింది, నేను స్టూడియో గడప తొక్కలె అంటాండు. రేపు పొద్దుగాల విచారణ. నన్ను తీసేస్తరక్కా." చివరి మాట వెనక గది గుమ్మంలో నిలబడ్డ మొగిలమ్మతో అంది.

 పెద్దోళ్ళతోటి పెట్టుకుంటే దుకాణం నడుస్తుందా అని వీరభద్రం గొణిగాడు. సరస్వతి ఆ మాటకు తల ఊపి మెట్లు దిగిపోయింది. మొగిలమ్మ మెట్ల దాకా వచ్చి ఆ పిల్ల పోయిన దిక్కు చూసింది. రాయి విసిరింది ఒకరి మీదికి, తలకాయ పగిలింది ఇంకొకరిది. పైగా ఆయన మాట కూడా అదే పాత మాట. ముక్కలు దొర్లడం ఆగకముందే పక్కవాళ్ళ పేరు!

అన్నాలు తినేటప్పుడు యాకయ్యకు అంతా చెప్పింది. దాచలేదు. అతను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"గీత నువ్వు పూడ్చినవా? తెలిసి?"

"తెలిసే. నీ కోసమే."

"నా కోసమా! నా చేతుల గాజు పగల్లేదని నాకెర్క. గందుకే బజార్ల తలెత్తుకొని తిరుగుతాన్న. ఇప్పుడు నా ఇంట్ల చెయ్యే పాడు పని జేసె. మనిషి మీద కోపముంటే మనిషిని కొట్టాలెనే. పనిని కొడ్తరా?"

"మనిషిని కొట్టే దమ్ము నీకుంటే నాకీ గతెందుకు పట్టు? ఆనాడు నోట్ల మన్ను గొట్టుకొని నిలబడ్డవు."

"అవ్, నిలబడ్డ. నాకు లేదు దమ్ము. నీకున్నదా? ఉంటే పో."

"పోతనే" అంది ఆమె.

పొద్దున పోయింది. చిన్న సీసాలో టర్పెంటైన్, కొంగున దూది, చేతిలో భూతద్దం. ఆమెను చూసి ల్యాబు దగ్గర ముసలి అటెండరు రాయమల్లు, "యాకయ్య బాగున్నడా చెల్లె?" అని దారి ఇచ్చి వెంట వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద ప్లేటు ఉంది. ఒక పక్క రాజేశ్వర్ రావు కూర్చున్నాడు, ఇంకో పక్క సరస్వతి నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఫోటో స్టూడియోల ముడతలు తీసేదాన్ని సారూ. గా గీత యాడికి పోలేదు, నా పెన్సిల్ కింద ఉన్నది. నేనే పూడ్చిన." ప్లేటు తీసుకుంది. అంచులను రెండు అరచేతుల మధ్య పట్టుకొని వెలుతురు కోసమన్నట్టు కిటికీ వైపు నడిచింది. అక్కడ బల్ల లేదు, కింద నల్లబండలు పరిచిన నేల.

రాజేశ్వర్ రావు లేచాడు. "చూసిన్రా సార్! ఈ పిల్ల ప్లేటును ఎసొంటోల్లకిచ్చిందో! పోలీసులకు ఫోన్ చెయ్యుర్రి."

"ఆ పిల్ల ఇయ్యలె, నువ్విచ్చినవు. కుర్చీల కూసొని మబ్బుల ముచ్చట చెప్పినవు."

"అబద్ధం! నేనెన్నడు నీ ముఖం చూడలె!" అంటూ ఆయన ముందుకొచ్చాడు.

"దగ్గరికి రాకు సారూ. చెయ్యి జారుతది. గాజు గదా."

ఆమె ఒక చెయ్యి తీసేసింది. ప్లేటు ఇంకో చేతి రెండు వేళ్ళ నడుమ నేల మీదికి వేలాడింది. రాజేశ్వర్ రావు ఉన్నచోటనే నిలిచిపోయాడు.

"అది మనది కాదు! వాపస్ ఇయ్యాలె! పగిలితే నా బతుకు..."

"డెబ్బై నాలుగుల ప్రిజం ఎవల చేతుల పగిలింది?"

"ఏ ప్రిజం?"

"యాకయ్య పెండ్లాం సార్" అని గుమ్మం దగ్గర నుంచి రాయమల్లు అందించాడు. అతని వెనక ఇంకో ఇద్దరు అటెండర్లు మెడలు చాచారు.

అప్పుడు రాజేశ్వర్ రావు మొదటిసారి ఆమె ముఖం చూశాడు. ముడత ముడతా వెతికి చూశాడు. ప్రిన్సిపాల్ ఏదో అనబోయి ప్లేటును చూసి ఆగిపోయాడు.

"అమ్మా... ముందు అది బల్ల మీద పెట్టు" అంటూ రాజేశ్వర్ రావు రెండు చేతులు జోడించాడు.

"చేతులొద్దు. మాట కావాలె. ఎవల చేతుల?"

"నా చేతిలోనే."

"గుమ్మం దాక ఇనబడాలె."

"నా చేతిలోనే పగిలింది! యాకయ్య దూరంగ ఉండె!"

"ప్లేటు స్టూడియోకు ఎవలు తెచ్చిన్రు?"

"నేనే తెచ్చిన."

 ఆమె ఇంకాసేపు అలాగే పట్టుకొని ఆయన చెమటను చూసింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి, ప్లేటు కింద గుడ్డ పరిచి, దూదిని టర్పెంటైన్‌లో ముంచి ఒక్కసారి మెల్లగా తుడిచింది. భూతద్దం సరస్వతి చేతికిచ్చింది.

"ఉన్నదక్కా! అట్లనే ఉన్నది!" అని సరస్వతి ఏడ్చేసింది.

"నీ మీద పడతదనుకోలె బిడ్డా. ఇగ కొలుసుకో" అని ఒక్కమాట చెప్పి మొగిలమ్మ బయటికి నడిచింది.

సరస్వతి మళ్ళీ కొలిచింది. గెలాక్సీ మబ్బు అవతలికి, తను ఉండాల్సిన దూరానికి పోయింది. రాజేశ్వర్ రావు నౌకరీకి ఏమీ కాలేదు. గదిలో మాట గదిలోనే ఉండాలని ప్రిన్సిపాల్ అన్నాడు గానీ, గుమ్మం దగ్గర విన్నవాళ్ళు మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా చెప్పారు. కాలేజీ పని మాత్రం స్టూడియోకు మళ్ళీ రాలేదు. వీరభద్రం తిట్టబోయి, "ఉన్నది మాపుడే నీ పనాయె. ఏమని తిట్టాలె నిన్ను?" అని తల పట్టుకున్నాడు. ఆమె చెయ్యిని మించిన చెయ్యి ఆయనకు దొరకదు మరి.

ఇంటి దగ్గర యాకయ్య ఒక మిషన్‌కు నూనె వేస్తూ అంతా విన్నాడు. తన పేరు వచ్చిన చోట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఒకేళ సారు చెప్పకపోతుండెనంటే? పెట్టేద్దువా బల్ల మీద?"

"నేల మీదికి ఇడిసిపెట్టేదాన్ని" అంది మొగిలమ్మ.

యాకయ్య ఆమె చేతుల వైపు చూశాడు. ఆ రాత్రి అన్నం తనే పెట్టుకొని తిన్నాడు.

మాట వచ్చేసింది కదా, ఇక ఆమె కోపం చల్లారిందని చుట్టుపక్కల వాళ్ళు అనుకున్నారు. చల్లారలేదు. ఆ తర్వాత రాజేశ్వర్ రావు చౌరస్తాకు వస్తే స్టూడియో ఉన్న వైపు నడిచేవాడు కాదు. అవతలి పక్కన, బట్టల దుకాణాల నీడన తల వంచుకొని పోయేవాడు. అయినా మొగిలమ్మకు ఆయన నడక తెలుసు. పెన్సిల్ పక్కన పెట్టి మెట్ల మీదికొచ్చి, బస్సులు, రిక్షాలు, పండ్ల బండ్ల మీదుగా గొంతెత్తి పలకరించేది.

"సారూ! చేతులు మంచిగున్నయా?"

ఆయన రిటైరై ఊరు విడిచిపోయేదాకా ఒక్కనాడూ ఆ పలకరింపు తప్పలేదు.